మా ఇంటి నుంచి పలాసకు బదిలీ

మా ఇల్లు ఒక సోమవారం ఉదయం పదిన్నరకి ఆఫీసయిపోయింది. పదీ ఇరవై తొమ్మిది దాకా ఇల్లే. గోడలు అవే, గచ్చు అదే, వంటింట్లో మాడిన పాల వాసన కూడా అదే. మారిందల్లా సర్క్యులరు.

నా పేరు కొమ్మూరి పాండురంగం. దక్షిణ మహాభరోసా బీమా సంస్థలో క్లెయిముల విభాగంలో అసిస్టెంటుని. జనం తమకు నష్టం జరిగిందని రాస్తారు. ఆ నష్టం జరగలేదనీ, జరిగినా వాళ్లకి జరగలేదనీ, వాళ్లకే జరిగినా ఫలానా షరతు ప్రకారం జరిగినట్టు కాదనీ నేను తిరిగి రాస్తాను. ఈ పనికి ఒక బల్ల, ఒక కుర్చీ, కాస్త రాతి గుండె ఉంటే చాలు, ఆఫీసు అక్కర్లేదు. ఈ సంగతి కనిపెట్టడానికి మా సంస్థకి నలభై ఏళ్లూ ఒక మహమ్మారీ పట్టాయి.

మహమ్మారి వెళ్లిపోయాక అన్ని కంపెనీల వాళ్లూ ఆఫీసులకి తిరిగి వెళ్లారు. మేం వెళ్లలేకపోయాం. మేం గదుల్లో తలుపులేసుకుని పనిచేస్తున్న రోజుల్లో మా పైవాళ్లు భవనాలన్నీ ఖాళీ చేసేశారు. అనకాపల్లిలో మా శాఖ ఉన్న మేడలో ఇప్పుడు చీరల షోరూముంది. నేను చూసొచ్చాను. నా కుర్చీ ఉన్న చోట పట్టుచీర కట్టిన బొమ్మ ఒకటి నిలబడి ఉంది. రోజంతా కదలకుండా, ఎవరికీ ఏమీ ఇవ్వకుండా నవ్వుతూ ఉంటుందట. నా పని అది నాకన్నా బాగా చేస్తోందని ఒప్పుకోవాలి.

అయితే ఒక చిక్కొచ్చింది. మా నిబంధనావళిలో ఉద్యోగి అంటే శాఖలో పనిచేయు వ్యక్తి అని ఉంది. శాఖ లేకపోతే ఉద్యోగి లేడు. ఉద్యోగులే లేకపోతే వాళ్ల మీద ఇంతమంది అధికారులు దేనికన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న రాకుండా చూడటానికి హైదరాబాదులో పదకొండు మంది పెద్దలు నాలుగు రోజులు కూర్చుని ఒక సర్క్యులరు కన్నారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ప్రతి ఉద్యోగి యొక్క స్వగృహము ఇకపై సంస్థ యొక్క శాఖగా పరిగణింపబడును. శాఖలకు వర్తించు సమస్త నిబంధనలూ సదరు గృహములకు యథాతథముగా వర్తించును."

తణుకులో మా ఇంటికి శాఖ 219 అని నంబరిచ్చారు. నేను ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నాను. ఎందుకో చెప్పాలి. అప్పటికి నాకు ఇరవై ఒక్కేళ్ల సర్వీసు. మా సంస్థలో మూడేళ్లకోసారి బదిలీ తప్పదు. నా పెళ్లై పన్నెండేళ్లయితే, ఆ పన్నెండేళ్లూ నేను ఆముదాలవలస, కదిరి, నర్సీపట్నం, అనకాపల్లి అద్దె గదుల్లో ఉప్మా చేసుకుని బతికాను. మా ఆవిడ సువర్చల, మా అమ్మాయి మోక్షిత తణుకులో మా అత్తగారింట్లో ఉండేవారు. వారానికోసారి, శనివారం సాయంత్రం బస్సు దిగి, ఆదివారం సాయంత్రం బస్సెక్కేవాణ్ణి.

సర్క్యులరొచ్చి నేను మకాం మార్చినప్పుడు మోక్షితకి ఏడేళ్లు. మొదటి మంగళవారం పొద్దున్న అది నిద్రలేచి, నన్ను చూసి, వాళ్లమ్మ దగ్గరికెళ్లి రహస్యంగా అడిగింది. "అమ్మా, శనివారం నాన్న ఇంకా వెళ్లలేదేంటి?"

ఆ మాట నా చెవిన పడింది. వెళ్లనని నాలో నేను అనుకున్నాను. ఇక ఏ ఊరికీ వెళ్లే పని లేదు, ఇల్లే ఆఫీసు కదా అనుకున్నాను. అంత తెలివి గలవాణ్ణి.

వారం తిరక్కుండా తనిఖీకి శరభేశ్వరరావు గారొచ్చారు. ఆయన శాఖల స్థాపన, పర్యవేక్షణ విభాగానికి ఉప ప్రధానాధికారి. పొట్టి మనిషి, పెద్ద టేపు. గుమ్మం బయట చెప్పులు విడవబోయి, ఆఫీసులో ఎవరూ చెప్పులు విడవరని గుర్తొచ్చి మళ్లీ తొడుక్కుని లోపలికొచ్చారు.

"ఇదేమిటి?"

"వంటిల్లండి."

"క్యాంటీను," అని రాసుకున్నారు. "కాంట్రాక్టరెవరు?"

సువర్చల చేతిలో గరిటె పట్టుకుని ఆయన వంకే చూస్తోంది. నేను ఆమె వంక చూపించాను.

"టెండరు పిలవకుండా ఎన్నాళ్లుగా నడుస్తోంది?"

"పన్నెండేళ్లుగా అండి," అన్నాను, పెళ్లయిన ఏడు లెక్కేసి.

"పన్నెండేళ్లుగా ఒకే కాంట్రాక్టరా!" ఆయన పెన్ను ఆగిపోయింది. "ఇది ఆడిట్ దృష్టికి వస్తే బాగుండదు పాండురంగం గారూ."

దేవుడి గదిలో పటాలు లెక్కపెట్టి పదిహేడని రాశారు. శాఖలో చైర్మన్ గారి పటం తప్ప ఇతరుల పటాలు ఉండరాదట. చివరికి పెద్ద మనసు చేసుకుని, ఇతరులు ఉండొచ్చుగానీ చైర్మన్ గారు వాళ్లకంటే జానెడు ఎత్తులో ఉండాలన్నారు. ఆ పటం మర్నాడే కొరియర్లో వచ్చింది. మా అత్తగారు భ్రమరాంబ గారు పటం అన్నాక దండ ఉండాలని పెద్ద బంతిపూల దండ వేసి, అగరొత్తి వెలిగించారు. పక్కింటావిడ వచ్చి, "అయ్యో, ఎప్పుడు పోయారండీ పాపం, మీవారి వైపు చుట్టమా?" అని సువర్చలని పలకరించి వెళ్లింది.

ఇంతకీ ఆ రోజు తనిఖీలో అసలు సంగతి చివర్లో వచ్చింది. శరభేశ్వరరావు గారు హాలు మధ్య నిలబడి మా వాళ్లనందరినీ టేపుతో కొలుస్తారేమో అన్నట్టు చూశారు.

"వీరంతా ఎవరు?"

"మా కుటుంబమండి."

"శాఖలో కుటుంబముండదు. శాఖలో మూడు రకాల మనుషులుంటారు. ఉద్యోగులు, సందర్శకులు, స్థానికులు. వీరు జీతం తీసుకోరు కనుక ఉద్యోగులు కారు. పని చూసుకుని వెళ్లిపోరు కనుక సందర్శకులూ కారు." ఆయన రాసుకున్నారు. "స్థానికులు. ముగ్గురు."

స్థానికుల రాకపోకలకి రిజిస్టరు పెట్టాలన్నారు. అది చూసుకునే బాధ్యత, ఇల్లు మా అత్తగారిది కాబట్టి, గౌరవ హోదాలో ఆవిడకే అప్పగించారు.

"హోదా అంటే నేనేం చెయ్యాలి బాబూ?" అని అడిగారావిడ.

"లోపలికి ఎవరొస్తున్నారో, బయటికి ఎవరు పోతున్నారో ఓ కంట కనిపెట్టాలమ్మా."

"ఓస్, ఇంతేనా! నలభై ఏళ్ల నుంచీ ఈ వీధరుగు మీద కూర్చుని నేను చేసేది అదేగా. మన ఇల్లొక్కటే చూడాలా, వీధంతా చూసిపెట్టమంటారా?"

సంస్థ చరిత్రలో ఇంత అర్హత ఉన్న నియామకం ఇంకోటి జరగలేదు.

రిజిస్టరు మొదలైంది. సువర్చల కూరగాయలకెళ్లొస్తే సంతకం. మోక్షిత బడి నుంచి వస్తే సంతకం. 'వచ్చిన పని' అన్న గడిలో మోక్షిత మొదటి రోజు 'ఆకలి' అని రాసింది. 'ఎవరిని కలవాలి' అన్న గడిలో 'అమ్మ' అని రాసింది. నన్ను కలవాలని రాయడానికి దానికి ఎనిమిది నెలలు పట్టింది. లెక్కల్లో భిన్నాలు వచ్చిన రోజది. ఆ పేజీ నేను చాలాసార్లు తిప్పి చూసుకున్నాను. బాగుందని పైకి ఎవరితోనూ అనలేదు.

నా హాజరూ అత్తగారి చేతిలోనే ఉండేది. పడగ్గదిలోంచి హాల్లోకి పదకొండడుగులు.

"తొమ్మిదీ ముప్ఫై రెండు, అల్లుడుగారూ. ఎర్రసిరా వేశానండి."

"బాత్రూములో మీరే ఉన్నారు కదండీ అత్తయ్యగారూ! నేను బయట పావుగంట నిలబడ్డాను."

"ఉంటే ఉన్నానండి. అది రాయడానికి ఇందులో చోటెక్కడుందీ?"

సాయంత్రం అయిదున్నర తరవాత లిఖిత పూర్వకమైన అనుమతి లేకుండా శాఖా ప్రాంగణంలో ఎవరూ ఉండరాదు. కాబట్టి రోజూ అయిదింటికి నేను కంప్యూటరు ముందు కూర్చుని, స్థానికులు ముగ్గురూ ఆ రాత్రికి శాఖలో బస చేయడానికి అనుమతి కోరుతూ దరఖాస్తు పెట్టేవాణ్ణి. హైదరాబాదు నుంచి అయిదూ ఇరవైకల్లా మంజూరయ్యేది. ఒకసారి సర్వరు పనిచేయక మంజూరు రాలేదు. మేం నలుగురం వీధరుగు మీద కూర్చుని ఎనిమిదిన్నర దాకా పల్లీలు తిన్నాం. మోక్షిత నా ఒళ్లో పడుకుని, సర్వరు రోజూ పాడైతే బాగుండునంది.

ఇవన్నీ నాకు కష్టమనిపించలేదు. పరాయి ఊళ్లో ఉప్మా వండుకోవడం కన్నా, సొంతింట్లో స్థానికులకి అనుమతి కోరడం సులువే. దాని బడి ఆటో నంబరు నాకు తెలుసు. దాని ఇద్దరు స్నేహితుల పేర్లూ, వాళ్లతో ఏ రోజు పచ్చి కొట్టిందో, ఏ రోజు కలిసిందో తెలుసు. మూడేళ్లు అలా గడిచాయి. నేను లెక్కపెట్టలేదు. సంస్థ లెక్కపెట్టింది.

"శ్రీ కొమ్మూరి పాండురంగం శాఖ 219 నందు మూడు సంవత్సరములు పూర్తి చేసినందున, దీర్ఘకాలము ఒకేచోట కొనసాగుట వలన స్థానికులతో అవాంఛనీయ సాన్నిహిత్యము ఏర్పడు ప్రమాదమున్నందున, వారిని శాఖ 388, పలాసకు బదిలీ చేయడమైనది."

శాఖ 388 అంటే పలాసలో ఉర్లాపు సింహాద్రి అనే మా సంస్థ ఉద్యోగి ఇల్లు. అంటే నేను వెళ్లి సింహాద్రి ఇంట్లో ఉండి, అక్కడినించి పనిచేయాలి. సింహాద్రి గుత్తిలో ఇంకొకాయన ఇంటికి వెళ్తాడు. ఆ గుత్తి ఆయన మధిరలో ఇంకెవరింటికో వెళ్తాడు. అలా తిరిగి తిరిగి, చిట్టచివరి ఆయన మా ఇంటికొస్తాడు. మొత్తం నాలుగు వందల పన్నెండు మంది. ఇంటి నుంచి పని అన్నారే గానీ, ఎవరి ఇంటి నుంచో ఎక్కడా చెప్పలేదని హైదరాబాదు వాళ్లు తేల్చారు.

ఆ సాయంత్రమే సింహాద్రి ఫోను చేశాడు.

"నమస్తేనండి, నాను సింహాద్రినండి, పలాస. మీరు మా ఇంటికి వత్తన్నారంట గదా. మా అమ్మకి సెవులు సరిగ్గా ఇనబడవండి, కాస్త గట్టిగా మాటాడాల. మా సిన్నది సాయంత్రం ఏడుత్తాదండి, బుజానేసుకుని రెండు సుట్లు తిప్పితే ఊరుకుంటాది. మరేటీ అనుకోకండి."

"మరి మీరు గుత్తిలో ఏం చేస్తారండీ?"

"ఏటి సేత్తానండి. ఆల పిల్లల్ని తిప్పుతాను."

ఫోను పెట్టేశాక నాకు అన్నం సయించలేదు.

సువర్చల మాత్రం ఊరుకునే మనిషి కాదు. "భార్యాభర్తలు ఒకే ఊళ్లో ఉండొచ్చని మీ రూలేదో ఉందిగా, రాయండి," అంది. రాశాను. రెండు రోజుల్లో జవాబొచ్చింది. భార్య ఉద్యోగిని అయితేనే ఆ సదుపాయం. అంతటితో ఆగలేదు. "రికార్డుల ప్రకారం సదరు సువర్చల శాఖ 219 యొక్క క్యాంటీను కాంట్రాక్టరు. కాంట్రాక్టరుతో తమకు దాంపత్యము కలదని తామే లిఖిత పూర్వకముగా అంగీకరించినందున, పదిహేను దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను."

ఇరవై ఒక్కేళ్లూ, ఆ పైన మూడేళ్లూ ఇలాంటి ఉత్తరాలు జనానికి రాసినవాణ్ణి నేను. అందుకున్నవాళ్లకి ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది. సిగ్గేసింది. అయినా చేతిలో ఉన్న విద్య వదలకూడదని నిబంధనావళి మొదటి నుంచీ చదివాను. దొరికింది, పద్నాలుగో నిబంధన, బి. ఉద్యోగికి స్థానికులతో ఎట్టి సాన్నిహిత్యమూ లేదని విచారణలో రుజువైతే, బదిలీ నిలుపుదల చేయవచ్చు.

అంటే మా ఇంట్లో నేను ఉండాలంటే, మా ఇంట్లో నేనెవరికీ తెలియకూడదు.

విచారణకి దరఖాస్తు పెట్టాను. వారం రోజులు ఇంట్లో రిహార్సలు. అత్తగారు అధికారి వేషం కట్టి, కుర్చీలో కూర్చుని ప్రశ్నలు వేసేవారు. మోక్షితకి ఇప్పుడు పదేళ్లు. మూడో రోజుకే జవాబులన్నీ తడుముకోకుండా చెప్పేసింది. కానీ పడుకునే ముందు నా దగ్గరికొచ్చింది.

"నాన్నా, అబద్ధం చెప్పకూడదంటావుగా?"

"ఇది అబద్ధం కాదమ్మా, వాంగ్మూలం."

"రెండిటికీ తేడా ఏంటి?"

"వాంగ్మూలం కింద సంతకం ఉంటుంది," అన్నాను. అంతకన్నా నాకూ తెలియదు.

విచారణాధికారిగా శరభేశ్వరరావు గారే వచ్చారు. ఈసారి మనిషి కొంచెం చిక్కారు. మంచినీళ్లు తాగుతూ, కాగితాలు ఇంకా తెరవకముందు, తనకీ బదిలీ అయిందని చెప్పారు. "జగిత్యాలలో ఎవరింట్లోనో ఉంటున్నానండి. నిరుడే వేశారు, మొదట మా అధికారులకే. వాళ్ల నాన్నగారికి పొద్దున్నా సాయంత్రం మాత్రలు నేనే ఇస్తాను." గ్లాసు బల్ల మీద పెట్టి గొంతు సవరించుకున్నారు. "సరే. విచారణ ప్రారంభించడమైనది. మొదటి స్థానికురాలు."

అత్తగారు వచ్చి కూర్చున్నారు.

"ఎదుట ఉన్న వ్యక్తి మీకు తెలుసునా?"

"తెలీదు బాబూ. తెలిసుంటే పిల్లనిచ్చేదాన్నా?"

"అంటే పిల్లనిచ్చారా?"

అత్తగారు రెప్ప వేయలేదు. "తెలీకే ఇచ్చాం. సంబంధం చూసినాయన మంచోడన్నాడు, అంతే."

"వివాహము అపరిచిత స్థితియందే జరిగినట్టు సాక్షి," అని ఆయన తనలో తాను అనుకుంటూ రాసుకున్నారు. "తరవాత."

సువర్చల కూర్చుంది. రిహార్సల్లో చెప్పిన జవాబులు చెబుతుందనుకున్నాను.

"ఈయన అలవాట్లు, ఇష్టాయిష్టాలు మీకు తెలుసునా?"

"ఈయనకి కాఫీలో పంచదార పడదండి," అంది సువర్చల. నేను కంగారుగా చూశాను. ఆమె నన్ను చూడలేదు. "ఆ సంగతి నాకు మూడేళ్ల క్రితం తెలిసింది. అంతకు ముందు పన్నెండేళ్లు, శనివారం వచ్చినప్పుడల్లా రెండు చెంచాలు వేసి ఇచ్చాను. ఒక్క రోజు ఉండి పోయేవాణ్ణి, చెప్పడం ఎందుకులే అని తాగేసేవారట. భర్త కాఫీ ఎలా తాగుతాడో పన్నెండేళ్లు తెలియనిదాన్ని నేను. నాకు ఈయన తెలుసని ఎలా అంటానండీ?"

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. శరభేశ్వరరావు గారు చాలాసేపు రాశారు. రాసేది ఒక్క వాక్యమే అయినా.

మోక్షిత వచ్చింది. కుర్చీలో కూర్చుంటే కాళ్లు నేలకి అందలేదు.

"ఈయన పేరు?"

"రిజిస్టర్లో పాండురంగం అని ఉందండి."

"నీకు ఏమవుతారు?"

"తెలీదండి."

"నీతో మాట్లాడతారా?"

"ఆఫీసు టైములో మాట్లాడరండి."

అక్షరం పొల్లుపోలేదు. అత్తగారు తలుపు చాటు నుంచి తలూపుతున్నారు. నేను గెలిచాను. మా అమ్మాయి నన్నెరగదని మూడుసార్లు చెప్పింది, అంత చక్కగా చెప్పినందుకు నాకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. శరభేశ్వరరావు గారు పెన్ను మూయబోయి, ఫారం తిరగేశారు. వెనక వైపు ఇంకో ప్రశ్న ఉంది.

"ఈయన పలాస వెళ్లిపోతే నీకేమైనా అభ్యంతరమున్నదా?"

ఇది మా రిహార్సల్లో లేదు. లెక్కలు కట్టడం అలవాటైన నా బుర్ర గబగబా కట్టింది. అభ్యంతరం ఉందంటే సాన్నిహిత్యం ఉన్నట్టు, బదిలీ. లేదంటే స్థానికులకి అభ్యంతరం లేనట్టు, బదిలీ. ఎటు చూసినా పలాసే. ఇంత చక్కటి ప్రశ్న నేను నా సర్వీసులో ఒక్కటీ తయారు చేయలేకపోయాను.

మోక్షిత నా వంక చూసింది. నేను తల దించుకున్నాను.

"ఉందండి," అంది.

"ఎందుకు? ఆయనెవరో నీకు తెలియదు కదా?"

"అందుకేనండి. ఇప్పుడిప్పుడే తెలుస్తున్నాడు. మధ్యలో తీసుకెళ్లిపోతే ఎలాగండీ?"

శరభేశ్వరరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఉత్తర్వు చదివారు.

"స్థానికులతో సాన్నిహిత్యము ప్రారంభ దశలో ఉన్నట్టు విచారణలో తేలినందున, అది ముదరక మునుపే, ఉద్యోగిని తక్షణమే పలాసకు పంపవలెను." కాగితం నా ముందుకి జరిపారు. "సంతకం చేయండి పాండురంగం గారూ."

"నేను వెళ్లనండి."

"ఏ నిబంధన కింద?"

"నిబంధన లేదండి."

"నిబంధన లేకుండా వెళ్లకుండా ఎలా ఉంటారు?" ఆయనకి నిజంగానే అర్థం కాలేదు.

"కూర్చుని ఉంటానండి," అన్నాను, కూర్చున్నాను.

ఆ మర్నాటి నుంచి నేను పలాసలో గైర్హాజరు. తణుకులో మా హాల్లో కూర్చుని, పలాసలో లేకుండా ఉండేవాణ్ణి. జీతం ఆగింది. అది నవ్వులాట కాదు, ఆ నెల నాకు నిద్ర పట్టలేదు. తరవాత మా వీధిలో వరదకి కొట్టు పోయిన కిరాణా ఆయన ఒకాయన, బీమా వాళ్లు తిప్పి పంపిన కాగితాలు పట్టుకొచ్చాడు. ఆ తిప్పికొట్టే ఉత్తరం నమూనా రాసింది నేనే. దాన్ని తిరిగి ఎలా కొట్టాలో నాకు కాక ఎవరికి తెలుస్తుంది? ఆయనకి డబ్బొచ్చింది. ఊరంతా చెప్పాడు, జనం తమ కాగితాలు పట్టుకుని మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. మా అత్తగారి రిజిస్టరు ఇప్పుడు నిజంగానే పనికొచ్చింది.

ఇంకోటి కూడా జరిగింది. మా సంస్థలో స్థానంలోకి మనిషి రాకపోతే, ఉన్న మనిషిని వదలరు. నేను పలాస వెళ్లలేదు కాబట్టి సింహాద్రిని వదల్లేదు. సింహాద్రి రాలేదు కాబట్టి గుత్తి ఆయన్ని వదల్లేదు. గుత్తి ఆయన రాలేదని మధిర ఆయన్ని వదల్లేదు. అలా నాలుగు వందల పదకొండు మంది, నిబంధన ప్రకారం, ఎవరి ఇళ్లలో వాళ్లు ఉండిపోయారు. వాళ్లందరికీ జీతాలొస్తున్నాయి, తప్పు నాది ఒక్కడిదే. సింహాద్రి ఫోను చేశాడు గానీ ఏమీ మాట్లాడలేదు. వాళ్ల చిన్నది వెనకాల ఏడుస్తుంటే, ఆ చప్పుడు నాకు వినబడేలా ఫోను కాసేపు అలాగే పట్టుకున్నాడు.

మూడు నెలలకి శరభేశ్వరరావు గారు మళ్లీ వచ్చారు. పలాసలో నేను దొరకనందువల్ల సంస్థ నన్ను ఆచూకీ తెలియని వ్యక్తిగా ప్రకటించిందట. ఉద్యోగం తీసేయాలంటే, చివరి చిరునామాకి వచ్చి, ఆ మనిషి అక్కడివాళ్లకి తెలియదని రాయించుకోవాలి. ఆయన గుమ్మంలో నిలబడ్డారు. నేను ఆయనకి నాలుగడుగుల దూరంలో, కుర్చీలో కూర్చుని ఎవరిదో క్లెయిము నింపుతున్నాను. నా వైపు చూడకుండా ఫారం చదివారు. చూడకూడదని నిబంధన ఉందేమో.

"కొమ్మూరి పాండురంగం అనే వ్యక్తి ఈ ప్రాంగణంలో ఎవరికైనా తెలుసునా?"

"నాకు తెలుసండి," అంది మోక్షిత, ఎవరూ అడక్కుండానే ముందుకొచ్చి. "మా నాన్న."

ఆయన తల పంకించి రాసుకున్నారు. తరవాతి గడి చదివారు. "ఎంతకాలంగా తెలుసు?"

అది వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. తప్పు చెప్పకూడదని రెండోసారి కూడా లెక్కపెట్టుకుంది.

"మూడేళ్ల మూడు నెలలుగా అండి."

"నీ వయసు?"

"పదేళ్లండి."

శరభేశ్వరరావు గారు రెండూ రాసుకున్నారు. తరవాత ఫారం మడిచి జేబులో పెట్టుకుని, జగిత్యాల బస్సు ఎన్నింటికని కాదు, తన సొంత ఊరికి బస్సు ఎన్నింటికని నన్నడిగారు.